చప్పట్లు కొట్టని బల్ల

స్కోరు బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టకూడదు. బాస్కెట్‌బాల్‌లో నాకు నేర్పిన మొదటి సంగతి ఇదే. బంతి గురించీ, బుట్ట గురించీ ఆ తర్వాత చెప్పారు. అరవకూడదు, ఈల వెయ్యకూడదు, "అయ్యో" అనకూడదు, మొహంలో కూడా ఏమీ కనబడకూడదు. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగినదాన్ని, మొహంలో ఏమీ కనబడకుండా కూర్చోవడమంటే మాటలా? అయినా తొమ్మిది శీతాకాలాలు అలాగే కూర్చున్నాను. మా పడమటి ఆక్లాండ్‌లో పుట్టిన అంత గొప్ప ఆటగత్తె నాకు నాలుగడుగుల దూరంలో ఆడుతుంటే, ఒక్కసారంటే ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టలేదు.

ఈ మాట చెబితే మా తెలుగువాళ్ళు నమ్మరు. "అంత దగ్గర కూర్చుని సెల్ఫీ కూడా దిగలేదా?" అంటారు. దిగలేదు. అదీ కుదరదు.

నేను ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చాను. సిటీ సెంటర్లో ఒక అపార్ట్‌మెంట్, ఐదుగురు ఆడపిల్లలం, రెండు గదులు, ఒక రైస్ కుక్కర్. కోర్సు అయ్యాక హెండర్సన్‌లో ఒక గోదాము ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఏ లారీ ఎన్నింటికి బయల్దేరిందో, ఎన్నింటికి చేరిందో చూడటం నా పని. పెళ్ళయ్యాక న్యూ లిన్‌లో కాపురం పెట్టాం. మా ఆయన సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. శని, ఆదివారాలు క్రికెట్ అంటూ టీవీకి అతుక్కుపోయేవారు. నాకు ఏమీ తోచేది కాదు. మా ఆఫీసుకి దగ్గర్లోనే ఒక స్టేడియం ఉంది. దాని గుమ్మానికి ఒకరోజు కాగితం అంటించి కనబడింది. స్కోరు బల్ల దగ్గర కూర్చోవడానికి వాలంటీర్లు కావాలట, ఆట తెలియకపోయినా ఫరవాలేదట, నేర్పుతారట. బయట వాన కొడుతోంది. లోపల వెచ్చగా ఉంటుందని వెళ్ళాను. అంతకుమించి గొప్ప కారణమేమీ లేదు.

బల్లకి పెద్ద ఒక రిటైరైన టీచరమ్మ. తెల్ల జుట్టు, ముక్కు చివర కళ్ళద్దాలు, నవ్వితే ఏదో పోగొట్టుకున్నట్టు వెంటనే సర్దుకునే మొహం. నీకేం వచ్చని అడిగితే, స్టాప్‌వాచ్ పట్టుకోవడం వచ్చన్నాను. అది నిజమే. మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆటల పోటీలప్పుడు స్టాప్‌వాచ్ నా చేతికిచ్చేవాడు. ఒకసారి వంద మీటర్ల పరుగులో నా స్నేహితురాలికి మేలు చేద్దామని, అది గీత దాటకముందే బొత్తాం నొక్కేశాను. నాన్న కనిపెట్టాడు. కొట్టలేదు, తిట్టలేదు. వాచీ తీసుకుని జేబులో వేసుకుని, "గడియారానికి చుట్టాలుండరే అమ్మా" అన్నాడు. ఏడాదిపాటు మళ్ళీ దాన్ని నా చేతికివ్వలేదు. దానికంటే రెండు తగిలించినా బాగుండేది.

టీచరమ్మ నాకు అప్పగించింది ఇరవైనాలుగు సెకన్ల గడియారం. బంతి దొరికిన జట్టు ఇరవైనాలుగు సెకన్ల లోపల దాన్ని బుట్టవైపు విసరాలి. విసిరిన బంతి బుట్టకుండే ఇనప రింగుకి తగిలితే గడియారాన్ని మళ్ళీ మొదలుపెట్టాలి. తగలకపోతే అది తన మానాన నడుస్తూనే ఉండాలి. అది సున్నాకి వచ్చేసరికి బంతి ఇంకా చేతిలోనే ఉంటే హారన్ మోగుతుంది, బంతి అవతలి జట్టుకి పోతుంది. ఇదంతా నా కుడిచేతి బొటనవేలి మీద నడిచే వ్యవహారం. జనం మనుషుల్ని చూస్తారు. నేను మాత్రం బంతి చెయ్యి వదిలిన క్షణం నుంచీ రింగుని చూడాలి.

ఆ ఆటగత్తెను నేను మొదట చూసింది ఆటలో కాదు, నా పక్క కుర్చీలో. ఇంకొకరి బదులు ఆటలోకి వెళ్ళాల్సినవాళ్ళు మా బల్ల పక్కనుండే కుర్చీలో కూర్చుని పిలుపు కోసం ఎదురుచూడాలి. ఇరవయ్యేళ్ళ పిల్ల, తాడిచెట్టంత పొడుగు, మోకాళ్ళకి పట్టీలు. నావైపు వంగి, "ఇంకా ఎంతసేపుంది ఆంటీ?" అంది.

ఆంటీ! నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ఒళ్ళు మండిపోయింది. గుంటూరులో ఎవరైనా ఆ మాట అనుంటే వాళ్ళ ఏడు తరాలనూ కడిగిపారేసేదాన్ని. బల్ల దగ్గర ఉన్నాను కనక, "రెండు నిమిషాలు" అని ఊరుకున్నాను. వాళ్ళమ్మ సమోవా నుంచి వచ్చిన మనిషని, వాళ్ళల్లో కూడా మనకులాగే కాస్త గౌరవం ఉన్న ప్రతి ఆడమనిషీ ఆంటీయేనని తర్వాత తెలిసింది. మరి అరవై దాటిన టీచరమ్మని ఎందుకు అనదూ అంటే, ఆవిడ తనకి స్కూల్లో పాఠం చెప్పింది కాబట్టి ఆవిడ "మిస్" అట. తలనెరిసిన ఆవిడ మిస్, నేను ఆంటీ. ఈ సంగతి నాకు చాలాకాలం మింగుడుపడలేదు.

ఆ మొదటి శీతాకాలమంతా ఆ పిల్ల కోర్టులో కంటే నా పక్కనే ఎక్కువసేపు ఉంది. ఊరికే కూర్చునేది కాదు. తొడ మీద వేళ్ళతో తాళం వేస్తూ ఉండేది. ఏమిటా అని చూస్తే, నా గడియారం వైపు చూడకుండానే సెకన్లు లెక్కపెడుతోంది. హారన్ మోగే క్షణానికి సరిగ్గా ఆమె వేలు ఆగేది. లోకంలో ఇంకొక డ్రిల్లు మాస్టారి కూతురు దొరికినట్టయింది నాకు.

ఆటలోకి వెళ్ళినప్పుడు మరీ చిత్రం. బంతిని ఎడమచేత్తో వేసేది. మా ఇంట్లో ఎడమచేత్తో మంచినీళ్ళ గ్లాసు అందిస్తేనే మా అమ్మ వీపు మీద ఒకటిచ్చేది. అలాంటి ఎడమచెయ్యి, ముగ్గురి మధ్యలోంచి పైకి లేచి, బంతిని రింగుకైనా తగలనివ్వకుండా బుట్టలోకి జారవిడిచేది. రింగుని కనిపెట్టి చూసే నా కళ్ళకి పని ఉండేది కాదు. చేతులు మాత్రం వాటంతటవే దగ్గరికొచ్చేవి. వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చోవడం ఆ ఏడాదే అలవాటైంది.

మూడో శీతాకాలానికి ఆమెకిక ఆ కుర్చీతో పని తగ్గింది. మొదటి ఐదుగురిలోనే దిగేది. తర్వాత ఆస్ట్రేలియా లీగ్ వాళ్ళు పిలిచారు. అక్కడ పేరొచ్చాక యూరప్ వాళ్ళు పిలిచారు. దేశం జట్టు నల్ల బనీను కూడా వేసుకుంది. నేను గోదాము ఆఫీసులో మధ్యాహ్నం పప్పన్నం ముందు పెట్టుకుని, ఫోన్లో ఆమె స్కోరు చూసుకుంటూ అన్నం చల్లార్చుకునేదాన్ని. న్యూ లిన్ స్టేషన్ మీదుగా వెళ్ళే బస్సు వెనక ఆమె బొమ్మ వేశారు, ఎడమచేతిలో బంతితో. కారులో ఆ బస్సు వెనక పడితే నాకు దాన్ని దాటబుద్ధి అయ్యేది కాదు. "వెనకవాళ్ళు హారన్ కొడుతున్నారే తల్లీ, పోనీ" అని మా ఆయన మొత్తుకునేవారు. కొట్టుకోనీండి అనేదాన్ని. నా పక్క కుర్చీలో కూర్చున్న పిల్ల అది. ఆ గర్వం ముందు వెనకవాళ్ళ తొందర ఏపాటిది?

ఎక్కడ ఆడినా ప్రతి శీతాకాలం ఇంటికొచ్చి మా పడమటి ఆక్లాండ్ జట్టుకి ఆడేది. బయట కప్పులు గెలిచింది, పతకాలు తెచ్చింది. మా జట్టుకి మాత్రం కప్పు రాలేదు. మూడుసార్లు చివరిదాకా వచ్చి పోయింది. "మా అమ్మ కూర్చునే మెట్ల ముందు ఒక్క కప్పు ఎత్తాలి ఆంటీ. ఆ ఒక్కటీ అయితే చాలు, ఈ మోకాళ్ళకి సెలవిచ్చేస్తాను" అనేది. వాళ్ళమ్మ ఎప్పుడూ మా బల్లకి ఎదురుగా రెండో మెట్టు మీదే కూర్చునేది. ఆవిడ గొంతు ముందు హారన్ కూడా తీసికట్టే.

ఇక నా నోటి సంగతి చెప్పాలి. బల్ల దగ్గర బిగించిన నోరు బయటికొస్తే ఆగదు కదా. ఒక స్నేహితురాలింట్లో పుట్టినరోజు విందులో ఎవరో, "బాస్కెట్‌బాల్ కూడా ఒక ఆటేనా అండీ?" అన్నారు. నాకు తిక్క రేగింది. ఆ పిల్లను ఆకాశానికెత్తేశాను. "దాన్ని కింద పడేసేవాళ్ళు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు" అన్నాను, పదిమంది ముందు, పులిహోర పళ్ళెం పట్టుకుని. వారం తిరక్కుండా, నా కళ్ళముందే, ఎవరూ తాకకుండానే పడింది. ఎడమ మోకాలు. ఆ చప్పుడు బల్ల దాకా వినబడింది. అయ్యో అనకూడదు కనక అనలేదు. ఇంటికొచ్చి ఏడ్చాను.

"నా దిష్టే తగిలింది" అన్నాను.

"డాక్టర్లు లిగమెంట్ అంటున్నారే" అన్నారు మా ఆయన.

"లిగమెంట్‌కి మాత్రం దిష్టి తగలదని ఎవరు చెప్పారు?"

ఆయన టీవీలో క్రికెట్ పెట్టుకున్నారు.

ఏడాదికి పైగా పట్టింది ఆమె తిరిగి రావడానికి. వచ్చిన రోజు, చాలా కాలం తర్వాత మళ్ళీ నా పక్క కుర్చీలో కూర్చుంది. ఆట ఇంకా మొదలుకాలేదు. నా సంచిలో కాగితం పొట్లంలో గుప్పెడు రాళ్ళుప్పు, రెండు ఎండుమిరపకాయలు ఉన్నాయి. పెన్ను వెతుకుతున్నట్టు లేచి, ఆమె కుర్చీ వెనక నిలబడి, పొట్లం గుప్పెట్లో పెట్టుకుని ఒకసారి తిప్పాను. రెండోసారి తిప్పాను. మూడోసారికి పొట్లం చిరిగింది. ఉప్పంతా చెక్కనేల మీద, ఆమె బూట్ల చుట్టూ పడింది. అటుగా వచ్చిన రెఫరీ కాలి కింద అది కరకరమంది. ఈల వేసి, చేతులు ఊపి, తుడిచేవాళ్ళని పిలిచాడు. అందరి మధ్యలో మిరపకాయలు పట్టుకుని నేను నిలబడ్డాను. మోకాలు చల్లగా ఉండాలని తెచ్చిన ఉప్పుని ఆ మోకాలి కిందే పోశాను. ఇంత తెలివి మనవాళ్ళకి తప్ప ఇంకెవరికుంటుంది?

టీచరమ్మ కళ్ళద్దాల మీదుగా చూసింది. "ఏమిటిది?"

"ఉప్పు. జనం కళ్ళు ఆమెకి చెడు చెయ్యకుండా."

"అంటే ఆమె బాగా ఆడాలని నీ కోరిక."

"అవును."

"అయితే ఇది చప్పట్లే" అంది ఆవిడ. "నియమాల్లో ఉప్పు అని రాసిలేదు గానీ, చప్పట్లే. ఇంకొక్కసారి ఇలా చేస్తే ఆ గడియారం ఇంకొకరికి ఇస్తాను."

నాన్న వాచీని జేబులో వేసుకోవడం కళ్ళముందు కదిలింది. తప్పు ఒప్పుకుని కూర్చున్నాను. ఆ పిల్ల మాత్రం పెదవి బిగించి నవ్వు ఆపుకుంటోంది. ఆట అయ్యాక వచ్చి అడిగితే దిష్టి అంటే ఏమిటో మొత్తం చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే ఎప్పుడో ఒకసారి నాకు సరిగ్గా తియ్యాలి ఆంటీ" అంది. ఈ బల్ల దగ్గర ఉన్నంతకాలం కుదరదమ్మా అన్నాను.

ఇంకొక రెండేళ్ళకి కుడి మోకాలు కూడా మొరాయించింది. ఇదే నా చివరి శీతాకాలమని ఆమె ముందే చెప్పేసింది. ఆ ఏడు మా జట్టు ఫైనల్‌కి వచ్చింది, అదీ మా స్టేడియంలోనే. ఆదివారం మధ్యాహ్నం. మెట్లన్నీ నిండిపోయాయి. ఎప్పుడూ క్రికెట్ వదలని మా ఆయన కూడా, ఆమె నెంబరున్న బనీను మా మూడేళ్ళ పాపకి తొడిగి తీసుకొచ్చారు. రెండో మెట్టు మీద వాళ్ళమ్మ తెల్ల గౌను వేసుకుని, పూలదండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ దండ ఎవరి మెడ కోసమో అందరికీ తెలుసు.

ఆమె అంత బాగా ఆడటం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. రెండు పాడైన మోకాళ్ళ మీద, తనకంటే పదేళ్ళు చిన్నవాళ్ళని తిప్పలు పెట్టింది. అయినా చివరికొచ్చేసరికి మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి మాదే. నా గడియారంలో మూడు సెకన్లు ఉండగా ఒక అమ్మాయి దూరం నుంచి బంతి విసిరింది. అది రింగు దాకా రాలేదు. కింద వేలాడే వలని రాసుకుంటూ జారింది. వల ఊగింది. బంతి నేరుగా ఆమె ఎడమచేతిలో పడింది.

వల ఊగడం స్టేడియమంతా చూసింది. రింగుకి తగిలిందనుకున్నారు. తగిలితే నేను గడియారం మళ్ళీ మొదలుపెట్టాలి. నా బొటనవేలు కదల్లేదు. హారన్ మోగింది. ఆ వెంటనే ఆమె పైకి లేచి బంతిని వదిలింది. అది అందంగా బుట్టలోకి వెళ్ళింది. కప్పు కొట్టేశాం అనుకుని జనం లేచి నిలబడ్డారు. వాళ్ళమ్మ దండ పైకెత్తింది.

రెఫరీ ఈల వేశాడు. తన కంటికి మనుషులు అడ్డొచ్చారట, మా బల్ల దగ్గరికొచ్చి అడిగాడు. "రింగుకి తగిలిందా?"

టీచరమ్మ నావైపు తిరిగింది. జనం అరుపులు చెవుల్లో పడుతున్నాయి. తగిలింది అని ఒక్క మాట అంటే చాలు. తప్పని రుజువు చేసేవాళ్ళు కూడా లేరు. ఆ దండ, ఆ తొమ్మిదేళ్ళు, నా పక్క కుర్చీలో తాళం వేసిన వేళ్ళు, అన్నీ ఆ మాట అనమనే చెబుతున్నాయి.

"తగల్లేదు" అన్నాను. "వల మాత్రమే ఊగింది. హారన్ మోగేసరికి బంతి చేతిలోనే ఉంది."

బుట్ట చెల్లదని రెఫరీ చేతులు ఊపాడు. మెట్ల మీద నుంచి వచ్చిన కేకలు ఇక్కడ రాయలేను. జట్టులో చిన్న అమ్మాయిలు బల్ల మీదికి వచ్చారు. వాళ్ళని పక్కకి జరిపి ఆమె ముందుకొచ్చింది. చెమటలో తడిసిన మొహం, నా మొహానికి బాగా దగ్గరగా.

"తగల్లేదా ఆంటీ?"

"తగల్లేదమ్మా."

ఒక్క క్షణం చూసింది. ఆ చూపులో కోపం వెతికాను, కనబడలేదు. వెనక్కి తిరిగి, స్టేడియం మొత్తానికి వినబడేంత గొంతుతో, "ఆంటీ చూసింది. తగల్లేదు. పదండి, ఆట గడియారంలో ఇంకా నాలుగు సెకన్లున్నాయి, బంతి లాక్కుందాం" అంది. అరుస్తున్న వాళ్ళమ్మ వైపు చెయ్యెత్తి, కూర్చో అమ్మా అన్నట్టు సైగ చేసింది. ఆవిడ కూర్చుంది. ఆవిడ కూర్చున్నాక మిగతావాళ్ళు కూడా కూర్చున్నారు.

నాలుగు సెకన్లు ఆడారు. బంతి దొరకలేదు. ఒక్క పాయింటుతో పోయింది.

ఆమె ఎన్నో గెలవడం చూశాను. ఏ గెలుపు చూసినప్పుడూ ఆ నాలుగు సెకన్లప్పుడు పొంగినంతగా నా గుండె పొంగలేదు. కప్పు చేజారుతుంటే నా ఒక్క మాట మీద నమ్మకంతో వెనక్కి తిరిగి పరుగెత్తిన మనిషి. ఆమెను చూసి గర్వపడ్డాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, నన్ను చూసుకుని కూడా గర్వపడ్డాను.

జనం వెళ్ళిపోయారు. నేను వైర్లు చుడుతున్నాను. మా ఆయన పాపని ఎత్తుకుని వచ్చి, "ఒక్క సెకను కళ్ళు మూసుకుంటే ఏం పోయేదే?" అన్నారు.

"గడియారానికి చుట్టాలుండరండీ" అన్నాను. అని, అప్పుడు ఏడ్చాను.

రెఫరీ వచ్చి స్కోరు కాగితం మీద చివరి సంతకం పెట్టాడు. ఆ సంతకంతో మా పని అయిపోయినట్టు. టీచరమ్మ పెన్ను మూత పెట్టి, "బల్ల మూసేశాం" అంది. ఎప్పుడూ అనేదే. ఈసారి నావైపు చూసి అంది.

రెండు మోకాళ్ళకీ ఐసు కట్టుకుని, మెడలో వాళ్ళమ్మ వేసిన దండతో ఆమె కుంటుకుంటూ వచ్చింది. పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. మొదటి రోజు కూర్చున్న కుర్చీయే.

"ఆంటీ, ఉప్పు ఉందా?"

ఉంది. తియ్యకూడదన్నారు గానీ, సంచిలో ఉంచుకోకూడదని ఎవరూ అనలేదు.

"ఓడినవాళ్ళకి దిష్టి తీస్తారా ఎక్కడైనా?" అన్నారు మా ఆయన.

"ఇవాళ అందరి కళ్ళూ ఎవరి మీద పడ్డాయో మీరు చూడలేదా?" అన్నాను.

ఆమె తల వంచింది. ఒక్క రాయి కూడా నేలమీద పడకుండా టీచరమ్మ పాత స్కోరు కాగితమొకటి తీసి కింద పట్టుకుంది. నేను గుప్పెడు ఉప్పు తీసుకుని ఆమె తల చుట్టూ తిప్పడం మొదలుపెట్టాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని మొదలుపెట్టాలి. మా అమ్మ అలాగే అనేది, మా అమ్మమ్మా అలాగే అనేది. నేను అలా అనలేదు. తొమ్మిదేళ్ళు ఆమెను అంత దగ్గర నుంచి చూసి, ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టనిదాన్ని నేను.

"ముందు నా దిష్టి" అన్నాను.